పనీర్ కొనాలా, ఇంట్లో చేసుకోవాలా? లీటరు పాల లెక్క

ఈరోజు ఎపిసోడ్ టాపిక్ పనీర్. రెసిపీ మాత్రం కాదు. పాలక్ పనీర్, పనీర్ బటర్ మసాలా నాకన్నా బాగా చేసి చూపించేవాళ్లు యూట్యూబ్‌లో వేలమంది ఉన్నారు. మనం దానికి ఒక మెట్టు ముందు మాట్లాడుకుందాం. అసలు ఆ తెల్లటి ముక్క మన వంటింట్లోకి ఎలా వస్తోంది? షాపులో కొన్నది నిజంగా పాలతో చేసిందేనా? ఇంట్లో చేసుకుంటే ఎంత పడుతుంది, ఎలా చేస్తే మెత్తగా వస్తుంది? ఈ మూడు ప్రశ్నలే ఈరోజు.

నేను చదివింది బీటెక్, చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అందుకని నాకు ఏ విషయమైనా ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి, తర్వాత లెక్క తేలాలి. ఈ వీడియో కూడా అదే వరసలో వెళ్తుంది. పెన్నూ పేపరూ దగ్గర పెట్టుకోండి, మధ్యలో అవసరం పడుతుంది.

పాలు విరగడం అంటే ఏంటి?

మన తెలుగు ఇళ్లలో పాలు విరిగితే మొహాలు మాడిపోతాయి. గృహప్రవేశం రోజు పాలు పొంగాలి, విరగకూడదు. మనకి పాలంటే పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి. గేదె ఈనితే జున్ను. పాలు ఎప్పుడైనా విరిగితే అమ్మమ్మలు పారబొయ్యకుండా చక్కెరో బెల్లమో వేసి దగ్గరకి వచ్చేదాకా కలిపి పిల్లలకి పెట్టేవాళ్లు. కావాలని పాలు విరగ్గొట్టి, పిండి, ముక్కలు కోసి కూర వండటం మన పాత వంటల్లో లేదు. పనీర్ అన్న మాటే పర్షియన్ నుంచి వచ్చింది. ఉత్తరాది నుంచి హోటళ్లు, ధాబాలు, పెళ్లి భోజనాల మీదుగా మన ఇంటిదాకా వచ్చింది. ఇప్పుడు శాకాహారుల ఇంట్లో చుట్టాలొస్తే పనీర్ కూర ఉండాల్సిందే.

అందుకే ఒక ఇబ్బంది ఉంది. పెరుగు బాగుందో లేదో మన నాలుకకి తెలుసు. నెయ్యి కల్తీదైతే మా అమ్మ వాసన చూసి చెప్పేస్తుంది. పనీర్ విషయంలో మనకి ఆ అనుభవం లేదు. తెల్లగా ఉంది, చతురస్రంగా ఉంది, కాబట్టి పనీరే అనుకుంటాం.

సరే, లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పాలలో ఉండే ప్రోటీన్‌లో దాదాపు 80 శాతం కేసిన్. మిగతా 20 శాతం నీళ్లలో కలిసిపోయి ఉండే రకం. కేసిన్ చిన్న చిన్న ఉండలుగా పాలలో తేలుతూ ఉంటుంది. ఆ ఉండల పైన రుణావేశం, అంటే నెగెటివ్ ఛార్జ్ ఉంటుంది. అన్నిటికీ ఒకే ఛార్జ్ కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. పాలు పాలలా ఉండటానికి ఒక ముఖ్య కారణం అదే.

ఇప్పుడు నిమ్మరసం పిండారనుకోండి. పులుపు ఆ ఛార్జ్‌ని తగ్గించేస్తుంది. నెట్టుకోవడం ఆగిపోతుంది, ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కునేటప్పుడు మధ్యలో ఉన్న వెన్నని కూడా వలలో చేపల్లా పట్టేస్తాయి. ఆ వలే మన పనీర్. కింద మిగిలిన నీళ్లలో పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, కొన్ని ఖనిజాలు, కొద్దిగా ప్రోటీన్ వెళ్లిపోతాయి.

మరి పాలని ముందు బాగా ఎందుకు కాచాలి? గోరువెచ్చటి పాలలో పులుపు పోసినా విరుగుతాయి కదా? విరుగుతాయి. కానీ ఆ మిగతా 20 శాతం ప్రోటీన్ నీళ్లతో పాటే పోతుంది. పాలని మరిగేదాకా కాస్తే ఆ ప్రోటీన్ ఆకారం మారి, వెళ్లి కేసిన్‌కి అంటుకుంటుంది. తర్వాత విరగ్గొట్టినప్పుడు దాంతో పాటే గడ్డలోకి వస్తుంది. అంటే పాలు బాగా కాస్తే పనీర్ ఎక్కువ వస్తుంది, మెత్తగానూ వస్తుంది. డెయిరీల్లో కూడా 90 డిగ్రీల దాకా కాచి, 70 డిగ్రీలకి దింపి, అప్పుడే సిట్రిక్ యాసిడ్ నీళ్లు కలుపుతారు.

ఇంకో సందేహం చాలామందికి ఉంటుంది. పిజ్జా మీద చీజ్ కరుగుతుంది, పనీర్ ఎందుకు కరగదు? ఆ చీజ్ రెన్నెట్ అనే ఎంజైమ్‌తో చేస్తారు. దాని ప్రోటీన్ల మధ్య కాల్షియం వంతెనలా ఉంటుంది, వేడి తగిలితే ఆ పట్టు సడలి చీజ్ సాగుతుంది. పనీర్‌లో పులుపు ఆ కాల్షియాన్ని చాలావరకు నీళ్లలోకి లాగేస్తుంది. ఇక వేడి చేసినకొద్దీ ప్రోటీన్లు ఇంకా దగ్గరకి జరిగి నీళ్లు వదిలేస్తాయి తప్ప కరగవు. పనీర్ ముక్కలు ఎక్కువసేపు వేయిస్తే చెప్పులా గట్టిపడేది ఇందుకే. దీని గురించి చివర్లో ఒక చిట్కా చెప్తాను.

లీటరు పాలకి ఎంత పనీర్?

ఇప్పుడు పేపర్ తీయండి. ఈ వీడియోలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటాను అనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

మార్కెట్‌లో దొరికే ఫుల్ క్రీమ్ పాల ప్యాకెట్ మీద చూడండి. కొవ్వు 6 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 9 శాతం అని ఉంటుంది. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే కొవ్వు కాకుండా మిగిలిన ఘనపదార్థం. ఆ తొమ్మిదిలో ప్రోటీన్ మూడు, మూడున్నర దాకా ఉంటుంది. మిగతాది ఎక్కువగా లాక్టోజ్, కొంచెం ఖనిజాలు.

లీటరు పాలలో కొవ్వు సుమారు 60 గ్రాములు. ప్రోటీన్ సుమారు 33 గ్రాములు. లాక్టోజ్, ఖనిజాలు చాలావరకు నీళ్లలో పోతాయి, ఒక ఐదు గ్రాములు గడ్డలో మిగులుతాయి. మొత్తం 98. గుడ్డకి అంటుకున్నది, నీళ్లలో పోయింది తీసేస్తే 95 గ్రాములు అనుకుందాం. ఇది పనీర్‌లో గట్టి పదార్థం. మిగతాదంతా నీరు.

పనీర్‌లో నీరు ఎంత ఉండొచ్చు? ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం 60 శాతం దాటకూడదు. బాగా కుదిరిన పనీర్‌లో 55 శాతం దగ్గర ఉంటుంది. అంటే 100 గ్రాముల పనీర్‌లో 45 గ్రాములు గట్టి పదార్థం. 95ని 45తో భాగించి 100తో గుణించండి. 211 గ్రాములు. అంటే లీటరు ఫుల్ క్రీమ్ పాలకి 200 గ్రాములు, కొంచెం అటూ ఇటూ. నీరు 60 శాతం దాకా ఉంచేసినా 237 గ్రాములే వస్తుంది. 6 శాతం కొవ్వున్న పాలతో, ఎంత చెయ్యి తిరిగిన మనిషి చేసినా నిజమైన పనీర్ దానికి మించి రాదు. ఇది ఎవరి అభిప్రాయమో కాదు, పాలలో లేనిది పనీర్‌లోకి రాదు, అంతే.

అదే టోన్డ్ పాలు తీసుకోండి. కొవ్వు 3 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5. ఇదే లెక్క వేస్తే గట్టి పదార్థం 60 గ్రాములు దాటుతుంది, అంతే. పనీర్ 135 నుంచి 145 గ్రాములు వస్తుంది. అదీ కొంచెం రబ్బరులా ఉంటుంది, ఎందుకంటే మెత్తదనం ఇచ్చేది కొవ్వు. ఇంకో సంగతి, పనీర్‌లో నీరు తీసేశాక మిగిలిన పదార్థంలో కనీసం 50 శాతం పాల కొవ్వు ఉంటేనే దాన్ని మామూలు పనీర్ అని అమ్మాలి. టోన్డ్ పాలతో ఆ 50 రావడం కష్టం. అందుకే కొన్ని ప్యాకెట్ల మీద 'మీడియం ఫ్యాట్', 'లో ఫ్యాట్' అని ఉంటుంది. అవి మోసం కాదు, వేరే రకం. చదివి కొనుక్కోండి.

ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇక్కడ పెద్ద లాభం ఉంది. చిక్కటి గేదె పాలలో కొవ్వు 7 శాతం దాకా కూడా ఉంటుంది, ప్రోటీన్ కూడా ఆవు పాలకన్నా ఎక్కువ. పనీర్‌కి గేదె పాలని మించినవి లేవు. ఆవు పాలతో చేసింది మెత్తగా, పొడిపొడిగా ఉంటుంది. రసగుల్లా చేసుకునే ఛెనాకి అది బాగుంటుంది, కూర ముక్కలకి అంత కుదరదు. ఇంకోటి, మన ఇళ్లలో పాలు కాచి, చల్లారాక మీగడ తీసి వెన్న కోసం దాచే అలవాటు ఉంది కదా. మీగడ తీసిన పాలతో పనీర్ చేయొద్దు. మెత్తదనం అంతా మీగడతో పాటు గిన్నెలోకి వెళ్లిపోయింది.

చవక పనీర్ సంగతి

ఈ లెక్క దేనికి పనికొస్తుందో ఇప్పుడు చెప్తాను. కిందటి ఎపిసోడ్ తర్వాత ఖమ్మం నుంచి ఒక అక్క మెసేజ్ పెట్టారు. ఆవిడ కర్రీ పాయింట్ నడుపుతారు. "తమ్ముడూ, నాకు ఒకాయన కిలో 220కి లూజ్ పనీర్ తెచ్చి ఇస్తడు. హాస్టల్ పిల్లలు తీస్కపోతరు. నీసు తినని పిల్లలు బలం కోసమని పనీరే అడుగుతరు. అది మంచిదా కాదా నాకు ఎట్ల తెలుస్తది? బ్రాండ్ ది కొంటే నాకేం మిగుల్తది?" అని అడిగారు. ఆవిడ ప్రశ్నలో రెండు బాధలు ఉన్నాయి. పిల్లలకి ఏం పెడుతున్నానో అన్నది ఒకటి, నా షాపు నడవాలి కదా అన్నది రెండోది. రెండూ నిజమే. రెండింటికీ జవాబు చెప్పాలి.

ముందు మొదటిది. కిలో పనీర్‌కి మామూలుగా 5 లీటర్ల ఫుల్ క్రీమ్ పాలు కావాలి. నీరు పూర్తిగా 60 శాతం దాకా ఉంచేసినా 4 లీటర్ల పైమాటే. మనం ప్యాకెట్ పాలు లీటరు 70 రూపాయలు అనుకుందాం. మీ ఊళ్లో రేటు వేరే అయితే అదే వేసుకోండి. పాలకే 350 రూపాయలు. తయారు చేసేవాడికి పాలు మనకన్నా చవగ్గా వస్తాయి. లెక్క కోసం వాడికి లీటరు 50కే వచ్చాయి అనుకుందాం. 4.2 లీటర్లకి 210. ఇంకా గ్యాస్, పనివాళ్లు, ఐస్, బండి కిరాయి, తెచ్చిచ్చే ఆయన లాభం, ఇవన్నీ మిగిలిన పది రూపాయల్లో రావాలి. రావు.

అంటే 220కి వచ్చే దాంట్లో ఏదో తగ్గి ఉండాలి. ఏం తగ్గుతుంది? పాలలో అన్నిటికన్నా ఖరీదైనది కొవ్వు. ఆ వెన్న తీసి విడిగా అమ్ముకుని, మిగిలిన పాలతో పనీర్ చేసి ఉండొచ్చు. అది పాల పదార్థమే, కాకపోతే పేరు మార్చి అమ్ముతున్నారు. రెండోది, వెన్న తీసేసి ఆ స్థానంలో పామాయిల్ లాంటి నూనె కలిపి ఉండొచ్చు. పాల పొడి, నూనె, స్టార్చ్, కలవడానికి ఎమల్సిఫైయర్. దీన్నే అనలాగ్ పనీర్ అంటారు.

ఇక్కడ వాట్సాప్‌లో తిరిగే భయాలకి ఒక బ్రేక్ వేద్దాం. అనలాగ్ అంటే విషం కాదు. పామాయిల్ మనం బిస్కెట్లలో, మిక్చర్‌లో, బజ్జీల్లో తింటూనే ఉన్నాం. అనలాగ్ అని రాసి అమ్మితే అది చట్టప్రకారం అమ్మకమే. తప్పు ఎక్కడుందంటే, దాన్ని పనీర్ అని చెప్పి అమ్మడంలో. పాల కొవ్వుకి డబ్బిచ్చి నూనె తింటున్నాం. స్టార్చ్ ఎక్కువ కలిపితే ప్రోటీన్ కూడా తగ్గుతుంది. ఆ హాస్టల్ పిల్లాడు బలం కోసమని ముప్పై రూపాయలు ఎక్కువ పెట్టి పనీర్ కూర కొంటున్నాడు. వాడికి పెట్టేది పిండి, నూనె అయితే అది అన్యాయం.

ఇప్పుడు అక్క రెండో ప్రశ్న, ఏం మిగుల్తది అన్నది. ఒక పార్సిల్ కూరలో 60 గ్రాముల పనీర్ వేస్తారనుకుందాం. కిలో 220 అయితే 13 రూపాయల 20 పైసలు. కిలో 400 అయితే 24 రూపాయలు. తేడా దాదాపు 11 రూపాయలు. చిన్న షాపుకి ఇది పెద్ద తేడానే, కాదనను. కానీ దారి ఉంది. అదే కూరలో 40 గ్రాముల మంచి పనీర్ వేసి, మిగతాది పచ్చి బఠాణీ వేయండి. పనీర్ ఖర్చు 16 రూపాయలు అవుతుంది. బఠాణీ ఖర్చు కలిపినా తేడా నాలుగైదు రూపాయల్లోకి వచ్చేస్తుంది. పేరు కూడా మటర్ పనీర్ అని బోర్డు మీద రాయండి, దాపరికం ఉండదు. బఠాణీలో కూడా ప్రోటీన్ ఉంటుంది కాబట్టి పిల్లలకీ నష్టం లేదు. లేదంటే పనీర్ పొడిపొడిగా చేసి బుర్జీ చేయండి, తక్కువ పనీర్‌తో ప్లేటు నిండుతుంది. నాలుగు రూపాయలు రేటు పెంచి 'పాలతో చేసిన పనీర్' అని చెప్పుకోగలిగితే, నా ఉద్దేశంలో ఆ బేరం ఎక్కడికీ పోదు.

ఇంకో మాట. ఆ తెచ్చిచ్చే ఆయన్ని లేబుల్ ఉన్న ప్యాకింగ్, బిల్లు అడగండి. ఇవ్వను అంటే జవాబు దొరికినట్టే.

కొనేటప్పుడు ఏం చూడాలి?

మనలాంటి ఇంటివాళ్లకి వరసగా చెప్తాను.

ఒకటి, వెనకవైపు ఇంగ్రీడియంట్స్. పాలు లేదా పాల ఘనపదార్థాలు, ఆ తర్వాత అసిడిటీ రెగ్యులేటర్ అని ఒక నంబర్. 330 అంటే సిట్రిక్ యాసిడ్, 270 అంటే లాక్టిక్ యాసిడ్. నంబర్ చూసి కంగారు పడొద్దు, అది మన నిమ్మకాయ పులుపు, పెరుగు పులుపే. వెజిటబుల్ ఆయిల్, పామోలిన్, స్టార్చ్ అని కనిపిస్తే అది పనీర్ కాదు. ముందువైపు ఎంత పెద్ద ఆవు బొమ్మ ఉన్నా సరే.

రెండు, పోషకాల పట్టిక. మామూలు పనీర్‌లో 100 గ్రాములకి ప్రోటీన్ 16 నుంచి 20 గ్రాముల మధ్య, కొవ్వు 20 నుంచి 27 గ్రాముల మధ్య, కార్బోహైడ్రేట్ కొద్దిగా ఉంటాయి. ప్రోటీన్ బాగా తక్కువగా, కార్బోహైడ్రేట్ ఎక్కువగా ఉంటే ఆలోచించండి.

మూడు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్, తయారైన తేదీ. పనీర్‌లో నీరు ఎక్కువ కాబట్టి త్వరగా పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టని పనీర్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. మధ్యాహ్నం ఎండలో బకెట్ నీళ్లలో తేలుతున్న లూజ్ పనీర్ పాలతోనే చేసినా సరే, అది కూడా వద్దు. జిగురు పట్టినా, పుల్లటి వాసన వచ్చినా పారేయండి. కడిగి వేయించేస్తే సరిపోతుంది అనుకోవద్దు.

ఇక టెస్టుల సంగతి. స్టార్చ్ టెస్ట్ ఇంట్లో చేయొచ్చు, నమ్మదగ్గది. చిన్న ముక్క, రెండు మూడు గ్రాములు చాలు, ఒక చెంచా నీళ్లలో వేసి మరిగించండి. పూర్తిగా చల్లారనివ్వండి. మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు మూడు చుక్కలు వేయండి. నీలం రంగు వస్తే స్టార్చ్ కలిసింది. చల్లారకుండా వేస్తే రంగు సరిగ్గా రాదు, గుర్తుంచుకోండి. టెస్ట్ చేసిన ముక్క తినొద్దు, పారేయండి.

కానీ ఈ టెస్ట్ పామాయిల్‌ని పట్టుకోలేదు. నీలం రాలేదంటే స్టార్చ్ లేదని మాత్రమే అర్థం. అది పనీర్ అని సర్టిఫికెట్ కాదు. కందిపప్పు పొడి చల్లితే నకిలీ పనీర్ ఎర్రబడుతుందని ఒక వీడియో తిరుగుతోంది. కందిపప్పు, సోయా పొడితో ఒక అసలు టెస్ట్ ఉన్న మాట నిజమే, అది పాలలో యూరియా కనిపెట్టడానికి. పాలలో ఆ పొడి కలిపి ఐదు నిమిషాలు ఆగి ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే, యూరియా ఉంటే నీలంగా మారుతుంది. దాన్ని పనీర్‌కి అతికించేశారు. కోడ్‌లో కూడా ఇలాగే జరుగుతుంది, వేరే ప్రాజెక్ట్‌లోంచి ఫంక్షన్ కాపీ చేస్తారు, అది దేనికి రాశారో చూడరు.

పాల కొవ్వా, వేరే నూనా అన్నది లాబ్‌లోనే తేలుతుంది. పాల కొవ్వులో బ్యూటిరిక్ యాసిడ్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు ఉంటాయి, పామాయిల్‌లో ఉండవు. ఆ తేడాతో పట్టేస్తారు. మీకు గట్టి అనుమానం ఉంటే చట్టం మీ పక్కనే ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో 40వ సెక్షన్ ప్రకారం, కొన్న మనిషి ఎవరైనా ఫీజు కట్టి ఆహారాన్ని ఫుడ్ ఎనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకి పంపుతున్నానని కొనేటప్పుడే షాపువాడికి చెప్పాలి. తప్పు తేలితే ఫీజు వెనక్కి వస్తుంది. హైదరాబాద్ నాచారంలో స్టేట్ ఫుడ్ లాబొరేటరీ ఉంది. ఫిర్యాదు మాత్రమే చేయాలంటే 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' అని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ యాప్ ఉంది.

ఇంట్లో చేసే పద్ధతి

లీటరు ఫుల్ క్రీమ్ పాలు, లేదా చిక్కటి గేదె పాలు. మందపాటి గిన్నెలో పోసి, అడుగంటకుండా కలుపుతూ పొంగు వచ్చేదాకా కాయండి. స్టవ్ ఆపేయండి. మూడు నాలుగు నిమిషాలు ఆగండి. ఈ ఆగడమే చాలామంది చెయ్యరు. కుతకుత ఉడికే పాలలో పులుపు పోస్తే గడ్డ బిగుసుకుపోయి గట్టి పనీర్ వస్తుంది.

ఈలోపు పులుపు సిద్ధం చేసుకోండి. రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసంలో అన్నే నీళ్లు కలపండి. నిమ్మ వాసన వద్దు అనుకుంటే నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, సుమారు 2 గ్రాములు, అర టీస్పూన్ కన్నా కొంచెం తక్కువ, ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో కరిగించండి. వెనిగర్ అయినా పర్వాలేదు. పుల్ల పెరుగుతో చేస్తే చాలా మెత్తగా వస్తుంది, కాకపోతే ఎక్కువ పోయాలి.

ఇప్పుడు కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా కలపండి. గిలక్కొట్టినట్టు కలపొద్దు, ముక్కలు చిన్నవైపోతాయి. ఎప్పుడు ఆపాలి? నీళ్లు తేటగా, లేత ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులోకి మారగానే ఆపేయండి. ఆ రంగు రైబోఫ్లేవిన్ అనే విటమిన్‌ది. నీళ్లు ఇంకా తెల్లగా ఉంటే ఇంకొన్ని చుక్కలు. తేటపడ్డాక ఒక్క చుక్క కూడా వద్దు. రెండు స్పూన్లు అని చెప్పాను కదా అని రెండూ పోసేయకండి. ఒక్కో నిమ్మకాయ పులుపు ఒక్కోలా ఉంటుంది. ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే ఇది ఫర్ లూప్ కాదు, వైల్ లూప్. ఎన్నిసార్లు అన్నది కాదు, నీళ్లు తేటపడ్డాయా లేదా అన్నది చూడాలి.

ఐదు నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. పల్చటి నూలు గుడ్డలో వడకట్టండి. పైన చల్లటి నీళ్లు పోసి ఒకసారి కడగండి, పులుపు పోతుంది. చేత్తో గట్టిగా పిండొద్దు. నీళ్లు కారిపోయాక గుడ్డని చతురస్రంగా మడిచి, పళ్లెంలో పెట్టి, పైన ఇంకో పళ్లెం, దానిమీద రెండు మూడు లీటర్ల నీళ్లు పోసిన కుక్కర్ పెట్టండి. అరగంట నుంచి నలభై నిమిషాలు. రోటి పొత్రం ఉంటే అదీ పనికొస్తుంది. రాత్రంతా బరువు కింద ఉంచితే ఇటుక వస్తుంది.

తర్వాత గుడ్డ విప్పి, ఆ గడ్డని చల్లటి నీళ్లలో వేసి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. డెయిరీలో కూడా ఇదే చేస్తారు. లోపలి వెన్న గట్టిపడి, ముక్కలు విరిగిపోకుండా కోతకి వస్తాయి.

తేడా వస్తే ఎక్కడొచ్చిందో చూసుకోవడానికి మూడు గుర్తులు. పనీర్ గట్టిగా, ఇసుకలా ఉందంటే పులుపు ఎక్కువైంది, లేదా పాలు మరీ మరుగుతున్నప్పుడు పోశారు. ముక్కలు చెదిరిపోతున్నాయంటే పులుపు చాల్లేదు, బరువు చాల్లేదు, లేదా చల్లబరచలేదు. కింద నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయంటే మీ పనీర్ కొంత ఇంకా ఆ నీళ్లలోనే ఉంది.

ఆ నీళ్లు పారబోయకండి, దాదాపు ముప్పావు లీటరు ఉంటాయి. చపాతీ పిండి కలపండి, మెత్తగా వస్తాయి. చారులో పోయండి. పప్పులో పోయాలంటే మాత్రం పప్పు ఉడికాకే. పులుపు ముందే తగిలితే పప్పు ఉడకదు, చింతపండు రసం మనం చివర్లో పోసేది అందుకే కదా.

నిల్వ ఎలాగంటే, నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో, రోజూ నీళ్లు మారుస్తూ మూడు నాలుగు రోజులు. ఎక్కువ రోజులు కావాలంటే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీశాక కొంచెం పొడిపొడిగా అనిపిస్తుంది, గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు వేసి గ్రేవీలోకి వాడుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. అక్కడ హోల్ మిల్క్‌లో కొవ్వు 3.25 శాతమే, పైగా హోమోజినైజ్ చేసినవి. గ్యాలన్‌కి 550 గ్రాములకి అటూ ఇటూ వస్తుంది, కొంచెం మెత్తగా ఉంటుంది. ఒక కప్పు హెవీ క్రీమ్ కలిపితే బాగుంటుంది. అల్ట్రా పాశ్చరైజ్డ్ అని రాసి ఉన్న పాలు మాత్రం ఇందుకు తీసుకోవద్దు, గడ్డ సన్నగా నలిగిపోయినట్టు వస్తుంది.

చివరి చిట్కా చెప్తానన్నాను కదా. పనీర్‌ని వేయించాలనుకుంటే పెద్ద మంట మీద, రంగు రాగానే తీసి, ఉప్పు వేసిన వేడి నీళ్లలో వేయండి. పోయిన తేమ కొంత తిరిగి వస్తుంది. అసలు వేయించకుండా గ్రేవీ అంతా అయ్యాక చివరి రెండు మూడు నిమిషాల్లో వేస్తే ఇంకా మంచిది.

సరే, మరి కొనాలా, చేసుకోవాలా? లీటరు పాలు 70 అయితే ఇంట్లో 200 గ్రాముల పనీర్ పాల ఖర్చు 70, కొంచెం గ్యాస్, ఒక గంట టైమ్. మీ షాపులో 200 గ్రాముల ప్యాకెట్ రేటు పక్కన పెట్టుకుని చూసుకోండి. వారంలో ఒకసారి చేసుకునేవాళ్లకి, చిన్నపిల్లలున్న ఇంటికి, పాలవాడి దగ్గర మంచి గేదె పాలు దొరికేవాళ్లకి ఇంట్లో చేసుకోవడమే నయం. ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాళ్లు హాయిగా కొనుక్కోండి, ప్యాకెట్ తిప్పి వెనకవైపు చదివి కొనుక్కోండి. ఎవరైనా మరీ చవగ్గా ఇస్తున్నామంటే, కిలోకి ఐదు లీటర్లు అన్న లెక్క ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

మీ ఊళ్లో పాల రేటు, పనీర్ రేటు కామెంట్‌లో రాయండి. ఏ ఊరో కూడా రాయండి, అన్నీ ఒక షీట్‌లో వేసి చూద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో నెయ్యి గురించి మాట్లాడుకుందాం. వీడియో ఉపయోగపడింది అనిపిస్తే, కర్రీ పాయింట్ నడిపేవాళ్లు మీకు తెలిసినవాళ్లు ఉంటే వాళ్లకి పంపండి.